రాక గడి ఖాళీ

1వ రోజు

కిందిరేవులో ఏ యంత్రం మీద చెయ్యి వేసినా పని పుస్తకం రాయాలని పెద్దల నియమం. సరే, రాస్తున్నాను. నా తర్వాత ఈ డేటాబేస్ ఎవరి పాల పడుతుందో తెలియదు. ఎవరైనా సరే, ముందు ఇది చదవండి, తర్వాత వేలు పెట్టండి. చదవకుండా పెట్టి చెడగొడితే ఆ పాపం నాది కాదు.

నా పేరు చోడిపల్లి గున్నమ్మ. ఒకటో వాడ. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి సర్వర్లన్నీ నేనే చూస్తున్నాను. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, నేను కట్టిన టేబుల్ ఇంతవరకు ఒక్కటీ కూలలేదు.

పని ఇది. సముద్రం అడుగున మన ఊరు. ఊరికి అయిదు వాడలు, తేరుకునే గది మాత్రం ఒక్కటే. లోయలోకి దిగి వచ్చినవాళ్ళు ఊళ్ళో అడుగు పెట్టేముందు ఆ గదిలో నాలుగు గంటలు కూర్చుని తేరుకోవాలి. లేకపోతే రక్తంలో గాలి బుడగలు లేచి మనిషి దక్కడు. గదిలో ఇద్దరికే చోటు. తలుపు పడిందంటే నాలుగు గంటల దాకా బ్రహ్మదేవుడు వచ్చినా తెరుచుకోదు. దిగేవాళ్ళు నలభై మంది. ఏ వాడ క్యాలెండర్ ఆ వాడదే, పక్క వాడది ఎవరికీ కనపడదు. పోయిన నెల మూడు వాడల వాళ్ళు ఒకేసారి వచ్చి తలుపు ముందు నిలబడ్డారు.

ఇంతవరకు ఈ గదిని నడిపింది తలుపు కాసే బండన్న తాత. గోడకి నలభై మేకులు, వాటి పైన పేర్ల పలక. వెళ్ళేటప్పుడు ఎవరి గవ్వ వాళ్ళు మేకుకి తగిలిస్తారు. తిరిగొచ్చాక ఎవరిది వాళ్ళే తీసుకుంటారు. ఇంకొకరు ముట్టుకోరు. అంతే, అదే మన ఊరి విధానం. నవ్వకండి.

అయిదు వాడల పెద్ద తవుడమ్మ గారు పిలిచి చెప్పారు. "అయిదు క్యాలెండర్లూ అందరికీ కనపడాల గున్నమ్మా. గది ఎప్పుడు ఎవులిదో ఆ తలుపుకే తెలియాల. ఎన్ని రోజులు పడతాది?"

"వారం చాలండి," అన్నాను.

3వ రోజు

టేబుళ్ళు నాలుగు. మనుషులు, వాడల క్యాలెండర్లు, ప్రయాణాలు, హక్కులు.

హక్కుల టేబుల్ గురించి ఒక మాట. అందరి ప్రయాణాలూ అందరూ చూడొచ్చు. మార్చే హక్కు మాత్రం ఆ వాడ క్యాలెండర్ చూసేవాళ్ళకే. మా ఒకటో వాడది నేను చూస్తాను, మిగతా వాటి మీద నాకు కూడా హక్కు లేదు, కావాలనే తీసేశాను. కట్టింది నేనే కదా అని అన్నిట్లో చెయ్యి పెట్టే వీలు ఉంచుకుంటే, గున్నమ్మ మంచి వేళలన్నీ తన వాడకే పంచుకుందని రేపు ఎవరో అంటారు. ఆ మాట నేను పడను.

ప్రతి మార్పుకీ ఒక వరస సంఖ్య పెట్టాను. వాడ యంత్రం వచ్చి, నేను 412 దాకా చూశాను, ఆ తర్వాతవి ఇమ్మంటుంది. సర్వర్ 413 నుంచి ఇస్తుంది. ప్రతిసారీ ఊరంతా మొయ్యక్కర్లేదు. ఇది రాసి నా వీపు నేనే తట్టుకున్నాను, తట్టేవాళ్ళు వేరే లేరు మరి.

ప్రయాణాల టేబుల్‌లో ముఖ్యమైన గడులు మూడు. ఎవరు, వెళ్ళే వేళ, రాక. మూడూ నిండి తీరాలి. రాక తెలిస్తేనే కదా ఆ తర్వాత నాలుగు గంటలు గది వాళ్ళ పేరున ఉంచేది! ఖాళీ గడిని చూస్తే నాకు అన్నం సహించదు.

5వ రోజు

అయిదు వాడల పాత క్యాలెండర్లూ తెచ్చి కొత్త టేబుల్‌లో పోశాను. మొత్తం 212 ప్రయాణాలు. అందులో 147 వెనక్కి కొట్టాయి. అన్నిటికీ ఒకటే జబ్బు, రాక ఖాళీ. నిండిన 65 ఊరి అంచు దాకా వెళ్ళొచ్చేవాళ్ళవి. ఏ ఒక్క వాడ బద్ధకమో కాదు, లోయలోకి దిగేవాళ్ళు అందరూ ఇంతే.

మా అసిరిని అడిగాను. అసిరి నా ఆడపడుచు. లోయలో మంచినీటి గొట్టం చూసే పని ఆమెది. మా ఇంట్లోనే ఉంటుంది, నా చేతి కూడు తింటూ నా కూరకే వంకలు పెడుతుంది.

"ఒలే అసిరీ, ఎల్లే వేళ రాసినావు, రాక రాయనేదేటి?"

చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. "ఓలమ్మ! అది ఎవులైనా రాస్తారేటి వదినా?"

"ఎందుకు రాయరు? చెయ్యి అరిగిపోద్దా?"

"ఎల్లేటప్పుడు ఎప్పుడొస్తావని అడగరు, ఇన్ని గంటలకొస్తానని సెప్పరు. ఎల్లొస్తానంటారు, ఎల్తారు. మాయమ్మ అలగే ఎల్లింది, అలగే వచ్చింది. గంగమ్మ తల్లి ఇంటాది."

"గంగమ్మకి సెవులుంటే ముందు నా సర్వర్ ఫ్యాన్ల మోత ఇని లేసిపోవాల."

"నీ నోటికి అడ్డూ ఆపూ నేదు," అని అలిగి చెయ్యి కడిగేసుకుంది. కూర మాత్రం అంతకుముందే రెండుసార్లు వేసుకుంది.

మూఢనమ్మకాలతో నాకు పేచీ లేదు. వాళ్ళు రాయకపోతే సర్వరే రాస్తుంది. తలుపు యంత్రం గుర్తుపెట్టుకున్న పాత రాకపోకలన్నీ కలిపి చూస్తే సగటు అయిదున్నర గంటలు. నేను ఇంకో అరగంట ఉదారంగా ఇచ్చాను. రాక ఖాళీగా వస్తే వెళ్ళే వేళకి ఆరు గంటలు కలిపి దానంతట అదే నిండుతుంది. దాంతోపాటు ఒక చిన్న ప్రోగ్రామ్ కూడా రాశాను, పేరు చీపురు. రాక దాటి అరగంట గడిచిన ప్రయాణాన్ని అది "ముగిసింది" అని ఊడ్చి పక్కన పెడుతుంది, గదిని తర్వాతి వాళ్ళకి ఇస్తుంది. 147 గడులూ ఒక్క దెబ్బకి నిండాయి. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

8వ రోజు

ఈ రోజు నుంచి సర్వర్ నడుస్తోంది. ఒక్క పూటలోనే తేడా తెలిసింది. ఇదివరకు గదిలో రోజుకి నాలుగు గంటల విడతలు మూడు నిండితే గొప్ప. ఈ రోజు ఒక నిమిషం వృథా కాకుండా ఆరుకి ఆరు విడతలూ నిండాయి. సామాన్ల గదిలో ఉన్న గాలి సిలిండర్లన్నీ బయటికి వెళ్ళిపోయాయి. ఒక్కటి ఊరికే పడి లేదు. తవుడమ్మ గారు తెర ముందు నిలబడి అయిదు వాడల రంగులూ చూసి, "బాగున్నాదే," అన్నారు. ఆవిడ నోటి వెంట ఆ మాట రావడం మామూలు సంగతి కాదు.

బండన్న తాతతో చెప్పాను. "ఆ పలక తీసెయ్యి తాతా. ఇంక దాంతో పని లేదు."

తాత లేచాడు. "తీసెయ్యమంటే తీసెస్తాను. నీ యంత్రానికి అన్నీ తెలిసినాక నాకేటి," అని పేర్ల పలక దించి చంకలో పెట్టుకున్నాడు. మనసులో కాస్త కష్టంగానే అనిపించింది. కానీ పని పనే.

11వ రోజు

చిన్న గొడవ. నాలుగో వాడ పెంటయ్య ఆరు గంటల్లో రావాల్సినవాడు ఏడు గంటలకి తేలాడు. అప్పటికే చీపురు అతని ప్రయాణం ఊడ్చేసింది, గది ఇంకొకరి పేరున పడింది. వాళ్ళ వాడ ఆ పేరు తీసేదాకా తలుపు బయట నీళ్ళలో నలభై నిమిషాలు నిలబడ్డాడు. నా దగ్గరికి వచ్చేసరికి పెదాలు ఇంకా నీలంగానే ఉన్నాయి.

"గున్నమ్మక్కా, లోయలో మర నీ గడియారం సూసి బిగుసుకోదు," అన్నాడు.

"అందుకే రాక రాయమంటున్నాను. ఏడు గంటలని నువ్వు రాసుంటే గది నీకే ఉండును కదా!"

"అది రాయకూడదక్కా."

"అయితే నిలబడు," అన్నాను.

ఇంక ఉదారం లేదు. ఆరు గంటల లెక్క తీసేశాను. రాక గడిలో తేదీ, వేళ రాయందే ప్రయాణం నమోదు కాదు, బయటి తలుపు తెరుచుకోదు. ఎలా రాయరో చూస్తాను.

12వ రోజు

రాశారు.

ఉదయం లేచి తెర చూస్తే కొత్త ప్రయాణాలు తొమ్మిది. తొమ్మిదింటికీ రాక ఒకటే. 9999వ సంవత్సరం, డిసెంబరు 31, అర్ధరాత్రికి ఒక్క నిమిషం ముందు. ఆ గడిలో పట్టే తేదీల్లో అన్నిటికంటే చివరిది అదే. గది ఆ రోజు దాకా నిండిపోయిందని సర్వర్ అయిదు వాడలకీ పాపం నిజాయితీగా చెప్పింది.

ఎవరి తెలివి ఇదని అరిచాను. అందరూ పెంటయ్య వైపు చూశారు. పెంటయ్య నేల వైపు చూశాడు. "అంత దూరం రాస్తే గంగమ్మకి లెక్క తెగదని," అని గొణిగాడు.

పక్కన అసిరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నవ్వకే," అన్నాను గానీ నాకూ నవ్వు ఆగలేదు. కోపం మాత్రం నవ్వుతో పోలేదు. గది ఆగితే ఊరు ఆగుతుంది. మధ్యాహ్నానికల్లా పాత ఆరు గంటల లెక్కే మళ్ళీ పెట్టేశాను. ఆలస్యమైతే ఆలస్యమైనవాళ్ళే అనుభవిస్తారు, నేర్చుకుంటారు.

16వ రోజు

నిన్నటి సంగతి ఈ రోజు రాస్తున్నాను. నిన్న పుస్తకం ముట్టుకోలేదు.

అసిరి ఉదయం ఆరింటికి వెళ్ళింది. గొట్టం మర బిగుసుకుందట. వీపు మీద పది గంటల గాలి. రాక రాయలేదు, సర్వర్ పన్నెండని నింపింది. ఒంటిగంటకి భోజనానికి కూర్చుంటూ తెర చూశాను. "అసిరి: ముగిసింది" అని ఉంది. వచ్చేసింది, గదిలో కూర్చుని ఉంటుంది, ఆమె వాటా కూర తీసి పెట్టాలి అనుకున్నాను. పెట్టాను కూడా. నాకు ఏ అనుమానమూ రాలేదు. నేను కట్టిన టేబుల్ చెప్పాక అనుమానం ఎందుకు వస్తుంది?

రెండుంబావుకి బండన్న తాత వచ్చాడు. ఆ ముసలాయన తలుపు వదిలి మా గుమ్మం దాకా రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒలే గున్నీ, అసిరి గవ్వ ఇంకా మేకుకే ఉన్నాది."

"వచ్చీసింది తాతా. గదిలో ఉన్నాది. ఇదిగో, ముగిసింది."

"గదిలో ఉన్నది అయిదో వాడ ఆడపిల్లలిద్దరు. అద్దంలోంచి సూసే వచ్చినాను. పలక తీసెయ్యమన్నావు, తీసీసినాను. మేకులు తియ్యమన్నావేటి? ఎల్లినోళ్ళు ఎల్లినట్టు గవ్వలు తగిలిస్తానే ఉన్నారు."

అప్పుడు లెక్క వేశాను. రావాల్సిన వేళ దాటి రెండు గంటలుగా ఆ పిల్ల బయటే ఉంది, వెతకాలన్న ఆలోచన ఊళ్ళో ఒక్కరికి రాలేదు. ఎందుకంటే వచ్చేసిందని అందరికీ చెప్పింది నేనే. గాలి నాలుగింటికి అయిపోతుంది.

మేమిద్దరం పరిగెత్తాం. సామాన్ల గదిలో సిలిండర్ ఒక్కటి లేదు, అన్నీ బయటే. వారం కింద దీనికే మురిసిపోయాను నేను. తాత తన మంచం కింద నుంచి రెండు పాతవి లాగాడు. ఒక్కోదాంట్లో రెండున్నర గంటల గాలి. సంగతి తెలిసి పెంటయ్య అప్పటికే తొడుగు వేసుకుంటున్నాడు. నేను "అయితే నిలబడు" అన్న పెంటయ్యే. ఒకటి వీపున కట్టుకుని, ఇంకొకటి చేత పట్టుకుని, "ఎల్లొస్తానక్కా," అని దిగిపోయాడు.

మిగిలింది గది. లోపలి పిల్లలకి నాలుగున్నరకి విడత అయిపోతుంది. ఆ తర్వాత గది మూడో వాడ వాళ్ళది. వాళ్ళూ బయటే ఉన్నారు, వాళ్ళకి ఇంకా రాత్రి దాకా గాలి ఉంది. కానీ తలుపు క్యాలెండర్‌లో పేరున్నవాళ్ళ వేలికే తెరుచుకుంటుంది, ఆ పేరు మూడో వాడ క్యాలెండర్‌లో ఉంది. దాన్ని నేను మార్చలేను. ఎంత గర్వంగా రాశానో మూడో రోజు చూడండి.

మూడో వాడ క్యాలెండర్ చూసేది సింహాద్రమ్మ. ఫోన్ చేశాను. ఆమె కోడలే బయట ఉన్న ఇద్దరిలో ఒకతె అని నాకు తెలుసు.

"సింహాద్రమ్మా, అసిరి ఎల్లింది. ఇంకా రాలేదు. తప్పు నాది. నీ విడత కావాల. నీ కోడలు ఇంకో నాలుగు గంటలు నీళ్ళలో ఆగాల్సొస్తాది."

ఆమె ఒకటే అడిగింది. "మా గుంటకి గాలున్నాదా?"

"ఉన్నాది. ఎనిమిదిన్నర దాకా ఆగినా ఇంకా అరగంట మిగుల్తాది."

"అయితే ఇంకేటి అడుగుతావే? తీసీసినాను. సూడు."

తెర మీద వరస సంఖ్య ఒకటి పెరిగింది. మూడో వాడ పేర్లు పోయాయి. అసిరి, పెంటయ్యల పేర్లు నేను వెంటనే మా వాడ క్యాలెండర్ నుంచి ఎక్కించాను. ఇరవై రెండేళ్ళలో అంత త్వరగా ఏ గడీ నింపలేదు.

తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు. తలుపు అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాను. నాలుగు అయింది. నాలుగుంబావు అయింది. తాత నా పక్కన నిలబడి అద్దం మీది ఆవిరి తుడుస్తున్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

నాలుగూ ఇరవైకి నీళ్ళలో దీపాలు కనపడ్డాయి. రెండు. ఒకటి కుంటుతోంది.

నాలుగున్నరకి గది ఖాళీ అయింది, వాళ్ళిద్దరూ లోపలికి వచ్చారు. మర ఊడి అసిరి పాదం మీద పడిందట. పెంటయ్య చేరేసరికి ఆమె సిలిండర్‌లో ఇరవై నిమిషాల గాలే ఉంది. నేను అద్దం ఇవతల ఫోన్ పట్టుకుని ఏడుస్తున్నాను. అసిరి అటు నుంచి ఫోన్ తీసింది.

"ఏటే వదినా, నీ టేబుల్లో నాను ఎప్పుడో ఇంటికొచ్చీసినానంట గదా! అన్నం కూడా తినీసినానా, దానికీ గడి ఉన్నాదా?"

"నన్ను కొట్టే," అన్నాను.

"బయటికి రానీ, కొడతాను. కూరేటి?"

17వ రోజు

చీపురు చెరిపేశాను. ఆరు గంటల లెక్క కూడా తీసేశాను.

నలభై మంది ఒకే గడిని ఖాళీగా వదిలితే, వాళ్ళు ఎందుకు వదిలారో నేను అడగాలి. అసిరిని అడిగాను గానీ జవాబు వినలేదు. గంగమ్మ సంగతి నాకు తెలియదు, ఇప్పటికీ వాదిస్తాను. కానీ లోయలోకి వెళ్ళే మనిషికి తను ఎప్పుడు వస్తుందో నిజంగానే తెలియదు. తెలియనిది వాళ్ళు రాయలేదు. తెలిసినట్టు రాసింది నేను.

కొత్త కట్టుబడి ఇది, శ్రద్ధగా చదవండి. రాక గడి ఖాళీగా ఉండొచ్చు. ఖాళీ అంటే మనిషి బయట ఉంది అని అర్థం, వేరే అర్థం లేదు. దాన్ని సర్వర్ నింపదు, వాడ పెద్ద నింపడు, నేను నింపను. తిరిగొచ్చిన మనిషి తలుపు మీద తన వేలు పెడితేనే నిండుతుంది. గవ్వ ఎలాగో ఇదీ అలాగే. ఖాళీ గడులున్న వరసలే తెర మీద అన్నిటికంటే పైన కనపడతాయి. ముందు వెళ్ళినవాళ్ళకే గదిలో ముందు చోటు, ఏ వాడ అయినా సరే. ఒక గడి ఎనిమిది గంటలు ఖాళీగా ఉంటే అయిదు వాడల్లోనూ గంట మోగుతుంది. ఖాళీ గడులు నాలుగు కాగానే అయిదో మనిషికి బయటి తలుపు తెరుచుకోదు. రెండు నిండు సిలిండర్లు ఎప్పుడూ తాత మంచం కిందే ఉంటాయి.

తవుడమ్మ గారు చూసి, "ఆరు విడతలు కాస్తా నాలుగయిపోనాయేటే?" అన్నారు.

"అయ్యాయండి. నాలుగే."

ఆవిడ తెర వదిలి తలుపు దగ్గరికి నడిచారు. పలక మళ్ళీ గోడకి ఎక్కించమని తాతతో చెప్పి వెళ్ళిపోయారు.

41వ రోజు

ఈ టేబుల్ కూలదు. ఈసారి గొప్పకి చెప్పడం లేదు, ఇరవై నాలుగు రోజులు చూసి చెబుతున్నాను. రెండుసార్లు గంట మోగింది, రెండుసార్లూ మనుషులు దొరికారు. ఎవరూ తలుపు బయట నిలబడలేదు. 9999 తర్వాత ఏమైనా ఉందా అని పెంటయ్య ఇప్పటికీ అడిగి ఏడిపిస్తున్నాడు.

అసిరి పాదం నయమైంది. ఈ రోజే మళ్ళీ దిగింది. నేను తలుపు దాకా వెళ్ళాను. గవ్వ తనే మేకుకి తగిలించింది. ఎప్పుడొస్తావన్న మాట నా నాలుక చివర దాకా వచ్చింది, మింగేశాను.

"ఎల్లొస్తాను వదినా."

"ఎల్లిరా."

ఉదయం ఆరూ అయిదు. రాక ఖాళీ. తెరలో అన్నిటికంటే పైన ఉంది.

ఖాళీ గడిని చూస్తే నాకు అన్నం సహించదని మూడో రోజు రాశాను. అదేమీ మారలేదు. ఒంటిగంటకి పళ్ళేలు రెండూ బోర్లించి తెర ముందు కూర్చున్నాను. ఒంటిగంటా యాభైకి గడి నిండింది. ఇంకో నాలుగు గంటలు ఆగి, ఆమె గదిలోంచి వచ్చాక కూర వేడి చేసి ఇద్దరం కలిసి తిన్నాం. కూరలో ఉప్పెక్కువైందంది. కాలేదు. పుస్తకంలో రాసి పెడుతున్నాను.